చిన్న పోటు ఆదివారం

గుల్లల్ని మూడు నీళ్లలో కడగాలి. మొదటి నీళ్లలో బురద పోతుంది. రెండో నీళ్లలో ఉప్పు వేస్తే అవి నోరు తెరిచి ఇసుక కక్కుతాయి. మూడో నీళ్లలో కూడా ఇంకా కక్కుతుంటే, అవి మానేదాకా సింకు పక్కన నిలబడాలి. ఆ ఆదివారం సాయంత్రం నేను రెండో నీళ్ల దగ్గర ఉండగా ముందు గదిలోంచి మా ఆయన ఎర్వే కేకేశాడు.

"రోజెన్! ఇవాళ సముద్రం గాలికి నీకు ప్రాణం లేచొచ్చింది కదూ?"

నాకు తడిసింది మోకాళ్ల వరకే. పొద్దున నుంచి వంగి గుల్లలు ఏరిన నడుం ఇంకా వంగే ఉంది. తలుపు దగ్గర బురద పట్టిన బూట్లు నాలుగు జతలు. ఎర్వేవి, మా అమ్మాయి మయెల్‌వి, మా అత్తగారు అన్నిగ్‌వి, నావి. నాలుగూ కడగాల్సిన చేతులు మాత్రం రెండే.

"వెన్నా వెల్లుల్లీ కాస్త దండిగా వెయ్యి, అమ్మకి అలా అయితేనే ఇష్టం" అని కూడా అన్నాడు.

సముద్రానికి పోదామని అడిగింది నేనే. ఈత కోసం అడిగాను. ప్రతి వేసవిలోనూ ఈత కోసమే అడుగుతాను, ప్రతిసారీ గుల్లల బకెట్టుతో తిరిగొస్తాను. ఇదెలా జరుగుతుందో సూటిగా చెబుతాను. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. అందుకే నాకు అర్థం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా బ్రిటనీ తీరంలో సముద్రం ఒక్కచోట ఉండదు. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు, నీళ్లు ఎంత పైకి ఎక్కితే అంత వెనక్కీ తగ్గుతాయి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీళ్లు మైలు దూరం వెనక్కి పోతాయి. ఊరు ఊరంతా బూట్లేసుకుని బురదలోకి దిగుతుంది, గుల్లలూ పీతలూ ఏరుకోడానికి. చంద్రుడు సగం ఉన్న వారాల్లో చిన్న పోటు. అప్పుడు మధ్యాహ్నం వేళకి నీళ్లు ఒడ్డుకి వచ్చి నిలబడతాయి. ఏరుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ రారు. పోర్ గ్వెన్ అని, ముళ్లపొదల మధ్య కాలిబాట చివర, చిన్న ఒంపు ఉంది. చిన్న పోటు నాడు అక్కడ నీళ్లు పచ్చగా, నిశ్శబ్దంగా, గిన్నెలో పోసినట్టు ఉంటాయి. నాకు ఈత నేర్పినవాళ్లు లేరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్కడే నీళ్లు మింగి, దగ్గి, మళ్లీ దిగి నేనే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ఆ నీళ్లలో దిగలేదు. ఎవరూ వద్దనలేదు. అయితే ఆదివారం తప్ప నాకు సెలవు లేదు, చిన్న పోటు ఆదివారం నీళ్లు వచ్చేది సరిగ్గా భోజనాల వేళకి. ఫ్రిజ్ మీద వేలాడే ఆటుపోట్ల పట్టికలో ఎర్వే పెద్ద పోట్లకి ఎర్ర సున్నాలు చుడతాడు. మా ఇంట్లో సముద్రం అంటే ఆ సున్నాలే. బురదలో నిలబడి చేతులూపుతూ, "త్వరగా రోజెన్, నీళ్లు వచ్చేస్తున్నాయ్!" అని అరవడం ఆయన సముద్రం. ఆ అరుపుకి తలొంచుకుని ఇంకాస్త త్వరగా ఏరడం నా సముద్రం.

ఆ రాత్రి బల్ల దగ్గర అందరూ గుల్లలు చప్పరిస్తుండగా పట్టిక వైపు చూశాను. వచ్చే ఆదివారం సున్నా లేదు. చిన్న పోటు.

"వచ్చే ఆదివారం మధ్యాహ్నం నేను పోర్ గ్వెన్‌కి ఈతకి వెళ్లొచ్చా?" అన్నాను.

"మధ్యాహ్నమా?" అన్నాడు ఎర్వే. "మధ్యాహ్నం భోజనం కదా." భోజనం అనేది వానలాగా దానంతట అదే పడేదైనట్టు చెప్పాడు.

"మరి ఓవెన్‌లో మాంసం ఎవరు చూస్తారు?" అంది మా అత్తగారు. ఆవిడ ప్రతి ఆదివారం మా ఇంటికే భోజనానికి వస్తుంది. భర్త పోయిన నాటి నుంచి ఒక్క వారం తప్పలేదు.

"పాపం అమ్మకి ఒక కోరిక పుట్టింది, కాదంటారేంటి!" అంది మయెల్. ఇరవై రెండేళ్ల పిల్ల, నర్సు చదువు చదువుతోంది. నా గుండె పొంగింది, అబద్ధం చెప్పను. ఆ వెంటనే అంది, "అందరం వెళ్దాం! అక్కడే తిందాం. అమ్మా, నువ్వు గుడ్లు ఉడికించు, చల్లగా తినే ఆ కోడి చెయ్యి. నా నీలం తువ్వాలు ఉతికావా?"

"అమ్మకి మడత కుర్చీ కావాలి. గొడుగు కూడా" అన్నాడు ఎర్వే.

"ఎండలో నేను తినలేను బాబూ. ఇంట్లో తిని నాలుగింటికి బయల్దేరదాం. దారిలో ఫలహారానికి రోజెన్ కేకు ఏదైనా చేస్తుంది" అంది అత్తగారు.

"నాలుగింటికి నీళ్లు వెనక్కి పోతుంటాయి అత్తమ్మా."

"ఇంకా మంచిదేగా!" అన్నాడు ఎర్వే. "నాలుగు గుల్లలు దొరుకుతాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఈత ఐదు నిమిషాల్లో కోడి అయింది, గుడ్లు అయింది, కేకు అయింది, మడత కుర్చీ అయింది, చివరికి మళ్లీ గుల్లల బకెట్టు అయి సింకులోకే వచ్చింది.

సోమవారం ఫ్యాక్టరీలో చేపల్ని డబ్బాల్లో పేరుస్తూ ఇదంతా నొల్వెన్‌కి చెప్పాను. వరసలో నా పక్క నిలబడేది ఆవిడే. మాది సార్డీన్ చేపల ఫ్యాక్టరీ. ఎంత తోముకున్నా జుట్టులోంచి ఆ వాసన పోదు. అక్కడ ఆడవాళ్ల సంఘానికి నాయకురాలిని నేను. ఒకప్పుడు మా వరసలో మూత్రానికి పోవాలన్నా చెయ్యెత్తి మేస్త్రీని అడగాలి. ఆయన గడియారం చూసి, మన మొహం చూసి, "మళ్లీనా?" అనేవాడు. నలభై ఏళ్ల ఆడది, పిల్లల్ని కన్నది, చేపల నీళ్లలో నిలబడి చెయ్యెత్తేది. నేను చదువుకున్నదాన్ని కాదు. చట్టం పుస్తకాలు అద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ఒక పొద్దున మేమంతా చేతులు దించేసి, ఎవరికి అవసరం అయినప్పుడు వాళ్లం నడిచి వెళ్లాం. యంత్రం ఆపాల్సి వచ్చింది. మేస్త్రీ మొహం డబ్బా మూతలా తెల్లబడింది. ఆ తర్వాత మా వరసలో చెయ్యెత్తిన ఆడది లేదు.

నొల్వెన్ అంతా విని, చేప తోక కత్తిరిస్తూ అడిగింది. "వెళ్లొచ్చా అని అడిగావా?"

"అడిగాను."

"చెయ్యి కూడా ఎత్తావా, ఉత్తినే అడిగావా?"

పక్కనున్న వాళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం చేతిలోంచి చేప జారిపోయింది. ఇన్నాళ్లూ నేను ఎర్వే మీద కోపం పెంచుకున్నాను. మేస్త్రీ అయితే మనల్ని ఆపి నిలబెడతాడు. ఇంట్లో ఎవరూ నిలబెట్టలేదు. నాకు నేనే చెయ్యెత్తి, నాకు నేనే "మళ్లీనా?" అనుకుని, తిరిగి సింకు దగ్గరికి పోయాను. మే ఒకటో తారీఖున ఊరేగింపులో ముందు వరసలో జెండా పట్టుకుని అరిచిన గొంతు ఇది. ఆ గొంతుతో ఇంట్లో నేను మాట్లాడింది ఏమిటి? "ఇంకొంచెం బంగాళాదుంపలు వెయ్యనా?" "చొక్కా ఇస్త్రీ చెయ్యనా?" "వెళ్లొచ్చా?" ఫ్యాక్టరీలో ఒక నిమిషం అదనంగా నిలబెడితే లెక్క అడిగేదాన్ని, ఇంట్లో నా ఆదివారాలన్నీ ఎవరి కడుపులోకి పోయాయో ఒక్కసారీ అడగలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. ఆ మంట మంచిదే. నాకు ఎప్పుడు పని చెయ్యాలన్నా ముందు అదే కావాలి.

బుధవారం రాత్రి చెప్పాను. ఈసారి అడగలేదు.

"ఆదివారం మధ్యాహ్నం పోటుకి నేను పోర్ గ్వెన్‌లో ఉంటాను. కోడి లేదు, గుడ్లు లేవు. మాంసం ఫ్రిజ్‌లో ఉంటుంది. వండుకునేవాళ్లు వండుకోవచ్చు."

ఎర్వే పేపరు దించాడు. ఆయన చేపల వేలం హాల్లో పని చేస్తాడు, ఆయనా సంఘం మనిషే, మైకు దొరికితే శ్రమ దోపిడీ గురించి చక్కగా మాట్లాడతాడు.

"ఏంటిది? ఇంట్లో కూడా సమ్మెనా?" అన్నాడు నవ్వుతూ.

"కాదు. సమ్మె అయితే మళ్లీ పనిలోకి వస్తానని అర్థం."

నవ్వు పోయింది. "నేను నీకు సాయం చెయ్యనా ఎప్పుడూ? మొన్న గిన్నెలు ఎవరు తుడిచారు?"

"నువ్వే తుడిచావు. అది నా పని అనుకున్నావు కాబట్టే దాన్ని సాయం అంటున్నావు. నువ్వు తిన్న గిన్నె తుడిస్తే సాయం ఎలా అయింది ఎర్వే?"

"అయితే ఒంటరిగా వెళ్తావా? జనం ఏమనుకుంటారు, మొగుడూ పెళ్లాలు కొట్టుకున్నారనుకోరూ?"

"చిన్న పోటుకి అక్కడ జనమే ఉండరు. అందుకే కదా వెళ్తున్నది."

మర్నాడు మా అత్తగారు ఫోన్ చేసింది. కొడుకు ముందే ఊదేశాడు. "ఈ వయసులో ఆ తొడలేసుకుని ఈత బట్టలేంటే? నా కాలంలో సముద్రంలోకి దిగామంటే పనికే దిగాం. నడుం లోతు నీళ్లు నేను చూడలేదు, నాకేం తక్కువైంది?"

"నా తొడలు నా వెంటే వస్తాయి అత్తమ్మా, ఇంట్లో వదిలి వెళ్లలేను" అన్నాను. అవతల టక్కున ఫోన్ పెట్టేసింది. ఆవిడ మాటలో ఒక ముక్క మాత్రం నాలో ఉండిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్లు సముద్రం ఒడ్డున బతికి, నడుం లోతు నీళ్లు చూడలేదట. అది నన్ను వెక్కిరించడానికి చెప్పింది, కానీ నాకు వెక్కిరింతలా వినపడలేదు.

మయెల్ గది గుమ్మంలో నిలబడి, "నేను రానా అమ్మా, తోడుగా?" అంది.

"తోడుగా వద్దు. ఈదడానికైతే రా. తువ్వాలు నువ్వే తెచ్చుకో, కారు ఎక్కే వేళకి కిందకి రా. నేను పిలవను."

నర్సు కాబోయే పిల్ల. నేను దారి చూపించకపోతే దానికీ ఇంట్లో రెండో ఉద్యోగం రాసిపెట్టే ఉంది.

శనివారం కొత్త ఈత దుస్తులు కొన్నాను, ముదురు ఎరుపువి. పాతవాటి సాగుడు ఎప్పుడో పోయింది. దుకాణం అద్దంలో పొట్ట కనిపించింది, మోకాళ్ల వెనక నీలి నరాలు కనిపించాయి. వరసలో నిలబడి నిలబడి వచ్చిన నరాలు. వాటిని దాచుకోడానికి తువ్వాలు చుట్టుకోవాలా అనుకున్నాను ఒక్క క్షణం. తర్వాత అనుకున్నాను, మేస్త్రీలకి ఈ నరాలు అక్కర్లేదు, మొగుడికి అక్కర్లేదు, ఉప్పునీళ్లకి కావాలి. తీసుకెళ్లి ఆ నీళ్లలోనే పడేస్తాను.

ఆదివారం పొద్దున నా చేతులు నన్ను మోసం చేశాయి. కాఫీ తాగి లేచానో లేదో, అవే ఫ్రిజ్ తెరిచాయి, అవే మాంసం బయటికి తీశాయి, అవే ఉప్పు డబ్బా వెతికాయి. మాంసానికి ఉప్పు పట్టించి, దుంపలు పెట్టి, ఓవెన్ వెలిగించి వెళ్తే ఏం పోయింది అని ఒక గొంతు. అరగంట పని. గొడవ ఉండదు. ఆ గొంతు నాకు బాగా తెలుసు, అది ఎర్వేది కాదు. చేతులు కడుక్కుని, మాంసాన్ని పచ్చిగానే బల్ల మీద పెట్టాను, దాని పక్కన ఉప్పు డబ్బా పెట్టాను. మా అత్తగారు కోటు విప్పుతూ లోపలికి వచ్చేసరికి నేను సంచీ భుజాన వేసుకుంటున్నాను. ఆవిడ మాంసం చూసింది, నన్ను చూసింది. ఎర్వే మెట్ల మీద నిలబడి, "నిజంగా వెళ్తోంది" అన్నాడు, తల్లితోనో తనలో తానో.

కారు తలుపు వేసేసరికి మయెల్ పరుగెత్తుకొచ్చింది. చెప్పులు చేతిలో, నీలం తువ్వాలు మెడలో. దాని మీద గత వారం బురద మరక అలాగే ఉంది.

పోర్ గ్వెన్‌లో ఎవరూ లేరు. నీళ్లు రాళ్ల దాకా వచ్చి నిలబడ్డాయి, ఒక్క నురగ గీత లేదు. మయెల్ అరుస్తూ దూకేసింది. నేను నెమ్మదిగా దిగాను. చీలమండలు, నరాలు, తొడలు. చల్లదనం నడుందాకా వచ్చి ఊపిరి ఆపింది. ఒక్క అడుగు వేస్తే కాళ్ల కింద నేల ఉండదు.

ఒడ్డున రాయి మీద ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచేమో, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అని వెనక్కి నడిచాను. ఆ భయం అంత తొందరగా పోదు.

"రోజెన్, ఓవెన్ ఎంత వేడి మీద పెట్టాలి? దుంపలు ముందా, మాంసం ముందా? ఒక్క నిమిషం, చెప్పి వెళ్లు."

నాలుక చివర జవాబు ఉంది. అంకెతో సహా ఉంది. ఇంతలో వెనక మా అత్తగారి గొంతు, విసుగ్గా, గట్టిగా వినిపించింది. "దాన్నెందుకు అడుగుతావురా! దాన్ని వదిలెయ్. కళ్లున్నాయిగా, ఓవెన్ తలుపు మీద రాసుంది, చదువు. నీకు నేర్పకపోవడం నా తప్పు, దానిది కాదు."

ఎర్వే ఫోన్ పెట్టలేదు. నా జవాబు కోసం ఇంకా ఆగి ఉన్నాడు. ఒంపు మధ్యలోంచి మయెల్ నాకేసి చెయ్యి ఊపుతోంది. నా పాదాల దగ్గర ఒక రాయి, ఇందాక మునిగి ఉన్నది, నల్లగా బయటపడింది.

"నీళ్లు వెళ్లిపోతున్నాయ్, ఎర్వే" అన్నాను, ఫోన్ సంచీలో అడుక్కి తోసి, తిరిగి నడుం దాకా నడిచి, ఆ ఒక్క అడుగు వేశాను.