అడ్డంగా దూరిన తూటా

నేను ఒక కాగితాన్ని. నా పొట్ట దగ్గరున్న పొడవాటి చిల్లు ఎవరి తప్పు వల్ల పడిందన్న సందేహాన్ని ఏళ్ళ తరబడి మోశాను. నా మీద నల్లటి మనిషి బొమ్మ ఉంటుంది. మనిషి తనలాంటి బొమ్మనే అచ్చు వేసుకుని, దాన్నే కాల్చడం నేర్చుకుంటాడు. ఇది భగవంతుడికైనా అర్థమవుతుందో లేదో!

అనంతపురం వైపు ఒక కొండ కింద, పోలీసులు తుపాకి కాల్చడం నేర్చుకునే మైదానంలో నన్ను కర్ర చట్రానికి మైదా జిగురుతో అంటించినవాడు దస్తగిరి. తూటాలు వస్తున్నంతసేపూ అతను నా కింద గోతిలో కూర్చునేవాడు. ఆగాక లేచి, చిల్లులకు ముక్కలు అతికించేవాడు. ఆ రోజు గాలి విపరీతంగా ఉంది. కానిస్టేబుల్ ఓబులపతి పేల్చిన తూటా నన్ను అడ్డంగా చీల్చుకుపోయింది. వెంటనే గోతిలోంచి కేక. దస్తగిరి కుడి కన్ను పోయింది.

మిగతా చిల్లులు గుండ్రంగా ఉంటే, ఇదొక్కటే ఖర్జూరపు గింజలా ఉంది. "చెయ్యి వణికి తుపాకి వాల్చినాడు" అని అప్పటి అధికారి తేల్చేశాడు. ఓబులపతిని వంటశాలకు మార్చారు. నన్ను అట్టకు అంటించి, 'అజాగ్రత్త ఫలితం' అని రాసి తరగతి గోడకు తగిలించారు. దస్తగిరికి ఆ గది ఊడ్చే పని ఇచ్చారు.

టీ తెచ్చినప్పుడల్లా ఓబులపతి "సలాం, దస్తగిరన్నా" అనేవాడు. దస్తగిరి చీపురు ఆపేవాడు కాదు. శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళు మాత్రం నవ్వేవారు.

"ఓబులపతన్న ఉప్పేసినా గురి తప్పుతాదిరా! సాంబారు సప్పగుండాది."

ఈ ఏడు నీలవేణి అనే కొత్త ఎస్సై పాఠం చెప్పడానికి వచ్చింది. ఒక తూటా తీసి నా చిల్లు మీద పడుకోబెట్టింది. సరిగ్గా సరిపోయింది.

"ఎవురబ్బా ఇట్ల రాసింది? చెయ్యి వణికితే చిల్లు పక్కకు పోతాది గానీ, తూటా పండుకోని రాదు. దారిలో దేనికో తగిలి తిరగబడింది." నా కింది అంచున బూడిదరంగు మచ్చలను వేలితో తడిమింది. "రాతిపొడి. చట్రం ముందర రాయేమన్నా ఉండెనా?"

చీపురు ఆగింది.

"నేనే పెడితి మేడం" అన్నాడు దస్తగిరి. "గాలికి చట్రం ఊగుతాంటే, కాళ్ళ కాడ బండరాయి ఎత్తిపెడితి. దాని పెచ్చే నా కంట్లో పడె. చెప్తే ఈ పని గూడా ఇయ్యరని ఊరుకుంటి."

నా ముఖమెప్పుడూ ముందుకే. నా కాళ్ళ దగ్గరేముందో నేనెన్నడూ చూడలేకపోయాను.

టీ తెచ్చి అంతా వింటున్న ఓబులపతి చేతిలో గ్లాసులు గలగలమన్నాయి. తుపాకి పట్టిన నాడు ఆ చెయ్యి వణకలేదని తెలిసింది ఇప్పుడే; అది వణికిందీ ఇప్పుడే.

"నీ కన్ను తీసినానని నా బిడ్డలకు గూడా మొగం సూపీలేకపోతి కదన్నా. నాకొక్కనికి చెప్పింటే ఏం పోతాండె?"

నిజం బయటపడింది, కన్ను రాలేదు, పోయిన ఏళ్ళూ రాలేదు. మరి నిజాన్ని దేవుడు ఇంత ఆలస్యంగా ఎందుకు పంపుతాడు?

ఓబులపతి గ్లాసులు బల్ల మీద పెట్టి, ఎవరినీ పలకరించకుండా గుమ్మం వైపు నడిచాడు. దస్తగిరి చీపురు గోడకు ఆనించి, చెయ్యి నుదుటిదాకా ఎత్తాడు.

"వాలేకుం సలాం, ఓబులపతీ."