మైత్రివనం దగ్గర తీగ ఎత్తు

ట్రెయిలర్ హయత్‌నగర్ బయట ఆగి అప్పటికి పదిహేడు రోజులైంది. దానిమీద ఉన్నది మాదాపూర్‌లో కొత్తగా కడుతున్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేరాల్సిన ట్రాన్స్‌ఫార్మర్. బండితో కలిపి పదిహేడు అడుగుల ఎత్తు. అంత ఎత్తు సరుకు ఊళ్ళోకి రావాలంటే రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసులు, మునిసిపాలిటీ, రోడ్ల శాఖ, కరెంటు ఆఫీసు, అందరూ ఒప్పుకోవాలి. ఆ కాగితాల పని వసుమతిది. తెనాలి వైపు నుంచి వచ్చి ఆ సరుకు చేరవేసే పంజాగుట్ట రవాణా కంపెనీలో చేరి ఆరేళ్ళయింది.

నాలుగు సంతకాలు అయ్యాయి. ఐదోది రేపు పెడతానన్నాడు కరెంటు ఆఫీసు ఇంజనీరు. ఆ 'రేపు' అన్న మాట కోసం ఆమె ఆ వారంలో నాలుగుసార్లు వెళ్ళింది. చెప్పుల్లో పాదాలు వాచిపోయాయి. ఇంటికి వెళ్దామని అమీర్‌పేటలో మైత్రివనం దగ్గర బస్సు కోసం నిలబడింది.

హాస్టళ్ళకి ఇనుప మంచాలు తీసుకెళ్తున్న లారీ ఒకటి అప్పుడే రోడ్డు మధ్యలో ఆగింది. డ్రైవర్ దిగి తల పైకెత్తి చూసి, మళ్ళీ ఎక్కి, అంగుళం అంగుళంగా ముందుకు పోనిచ్చాడు. పైన అడ్డంగా ఉన్న కరెంటు తీగకి, పై మంచం కోళ్ళకి మధ్య జానెడు సందు లేదు. మంచాలతో కలిపి ఆ లారీ పదహారు అడుగులు మించదని ఆమె కళ్ళకి తెలుసు. తన ఫైల్లో ఆ తీగ ఎత్తు పద్దెనిమిదిన్నర అని ఉంది.

బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు.

కంపెనీ తరఫున దారంతా నడిచి తీగలు, కొమ్మలు, ఆర్చీల ఎత్తు కొలిచేది హనుమాండ్లు. ఇరవై ఏళ్ళుగా అదే పని. గుర్తులు గీసిన పొడవాటి వెదురు గడ పట్టుకుని నగరమంతా తిరిగినవాడు. వసుమతి మర్నాడు తెల్లవారి ఆరింటికి మైత్రివనం దగ్గరికి రమ్మంటే ఎందుకని అడగకుండా గడతో వచ్చాడు.

"ఒక్కసారి ఈ తీగ కొలవండి హనుమాండ్లు గారూ."

ఆయన తీగకి కొంచెం పక్కగా గడ నిలబెట్టాడు. తల ఎత్తి చాలాసేపు చూశాడు.

"ఎంతుంది?"

"పద్దెనిమిది దాటుతది మేడమ్."

"సరిగ్గా చూడండి. ఎన్నో గీత దగ్గరుంది?"

ఆయన కళ్ళు చికిలించి ఇంకా పైకే చూస్తున్నాడు. వసుమతి వెనక్కి జరిగి తానే గీతలు లెక్కపెట్టింది. పదహారు మీద కొంచెం.

"మీకు కనిపించట్లేదు కదూ?"

ఆయన గడని మెల్లగా కిందికి దించాడు. "రెండేండ్ల సంది మసక మసకనే ఉన్నది. నాకు తెల్వని తీగలా ఇవి? పాత లెక్కలే రాస్తూ వచ్చిన. గిది కిందికి జారిందని తెల్వదు."

"ముందే చెప్పొచ్చు కదండీ."

"చెప్తే ఇంట్ల కూసోబెడ్తరు గదా మేడమ్."

ఆమెకి కోపం రావలసింది. కానీ అంత ఓపిక లేదు. ఎదురుగా ఇనిస్టిట్యూట్ల షట్టర్లు లేస్తున్నాయి, పుస్తకాలు గుండెలకి హత్తుకుని పిల్లలు మెట్లెక్కుతున్నారు. ఈ కొలత మార్చితే ఆ నాలుగు సంతకాలూ చెల్లవు. ఫైలు మళ్ళీ మొదటి బల్ల దగ్గర నుంచి కదలాలి. మార్చకపోతే, తీగలు చూసుకుంటూ ట్రెయిలర్ మీద నిలబడే మనుషుల గతేమిటి? ఆ ఆలోచనతోనే ఆఫీసుకి నడిచింది. హనుమాండ్లు గడతో వెనకాల వచ్చాడు.

యజమాని రఘురామ్ విని తల పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? నిన్నటి నుంచి ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. మనవాళ్ళు కర్రతో తీగ ఎత్తి పట్టుకుంటార్లే."

"అది కేబుల్ టీవీ వైరు కాదండీ. కరెంటు తీగ."

ఆయన ఫైలు లాక్కుని తెరిచాడు. "అసలు ఈ కొలత ఎవరు రాశారు?"

కొలతలు ఫైల్లోకి ఎత్తి రాసేటప్పుడు తానే పొరబడ్డానని చెప్పాలని వసుమతి దారిలోనే అనుకుంది. నోరు తెరిచేలోగా తలుపు దగ్గర నుంచి హనుమాండ్లు అన్నాడు. "నేనే సార్. నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు."

రఘురామ్ కేకలు వేస్తాడనుకున్నారు ఇద్దరూ. ఆయన ఫైలు మూసి వసుమతి వైపు తోశాడు. "వెనక్కి తీసుకోండి. మొత్తం దారి మళ్ళీ కొలిపిద్దాం, వేరే మనిషితో." హనుమాండ్లు వైపు చూడకుండా, "నువ్వు ఇంక రోడ్డెక్కకు" అన్నాడు.

అనుమతి రావడానికి ఇంకో పందొమ్మిది రోజులు పట్టింది. కొత్తగా కొలిచినతను ఇంకో రెండు తీగలు పట్టుకున్నాడు. బండి వెళ్ళే గంటసేపు ఆ మూడు చోట్లా సరఫరా ఆపి, తీగలు పైకి లాగించడానికి కరెంటు ఆఫీసు ఒప్పుకుంది. ఒక ఆదివారం వసుమతి ఇంకా నిద్ర లేవకముందే డ్రైవర్ సాయిలు ఫోన్ చేశాడు. "దాటినం మేడమ్. ఎక్కడా తగల్లే." ఆమె "మంచిది" అని, ఫోన్ పెట్టేసి మళ్ళీ పడుకుంది. సంతోషపడాలని అనిపించింది గానీ నిద్రే వచ్చింది.

ఆ బుధవారం సెలవు పెట్టి హనుమాండ్లుని పంజాగుట్టలో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు డాక్టర్. లోపల ఇంకో పరీక్ష ఉందని చుక్కలు వేసి బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

"చూపొస్తే సార్ మళ్ళ పిలుస్తడా?" కళ్ళు మూసుకునే అడిగాడు ఆయన.

కొత్తవాడికి నెల జీతం మాట్లాడేశారని ఆమెకి తెలుసు. "తెలీదండీ. అడుగుతాను" అంది.

"అడుగు మేడమ్. జర గట్టిగనే అడుగు."

ఆమె తలూపింది. ఆయనకి కనపడదని గుర్తొచ్చి, "గట్టిగానే అడుగుతాను" అని పైకి అంది. నర్సు బయటికి వచ్చి పేరు పిలిచింది. వసుమతి లేచి ఆయన చెయ్యి పట్టుకుని, గడప ఉందని చెప్పి, లోపలికి నడిపించింది.