ఆగస్టు దాకా ఆగమన్న తనిఖీ

రాడోయ్కా తోటలోని నలభై ప్లమ్ చెట్లకూ ఎర్రరంగు గుర్తులు పూసి, తనిఖీ మనుషులు కంచె దగ్గర ఆగిపోయారు. అవతల జివాదిన్ నర్సరీ. అక్కడ అంట్లు తీసే తల్లిచెట్ల కొమ్మలు కంచె దాటి ఆమె నేల మీదికే వాలి ఉన్నాయి. వాటివైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

"మరి వాటి సంగతేంటి?" అంది రాడోయ్కా.

"నర్సరీ తనిఖీ ఆగస్టులో," అన్నాడు అధికారి కాగితం మడుస్తూ. "నీవి మాత్రం జబ్బు చెట్లు, వారంలో కొట్టెయ్యాలి."

ఆ చెట్లు ఆమె భర్త నాటినవి. ఆయన పోయి ఏడాది. మొక్కలు కొన్నది జివాదిన్ దగ్గరే.

సెర్బియా కొండల్లోని ఆ ఊరు ఊరంతా సాయంత్రం సహకార సంఘం గదిలో చేరింది. అందరి తోటల్లోనూ గుర్తులు పడ్డాయి. పక్కవాడి మొహం పక్కవాడు నమ్మడం లేదు.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. మన నేల కోసం జివాదిన్ ఆడుతున్న నాటకం," డోబ్రివోయె అరిచాడు. "తనిఖీ వాళ్లకి తోటలు చూపించిందెవరో కూడా తెలుసు నాకు!"

"నన్ను చూస్తావేంరా? నా చెట్లని ముద్దుపెట్టుకుని వదిలేశారా?" ముసలి మిలోయె లేచాడు.

రాడోయ్కా రెండు కొమ్మలు బల్ల మీద పెట్టింది. రెండింటి ఆకుల మీదా పాలిపోయిన సున్నాల్లాంటి మచ్చలు.

"జబ్బు నిజమే. చెట్లకొచ్చే మశూచి. ఒకటి నా చెట్టుది, ఒకటి కంచె అవతలిది. ఏది ఏదో చెప్పండి."

ఎవరూ చెప్పలేకపోయారు.

"బిడ్డ పుట్టిన ఇంటికి మన కొమ్మ తీసుకెళ్లి అంటుకడతాం. ఈ జబ్బుని పేనుబంక మోసింది కొంత, మనం మోసింది కొంత. కానీ మొదటి మొక్క ఎవడమ్మాడు?"

"ఆగస్టులో వాడివీ చూస్తారుగా అక్కా?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎండలు ముదిరితే ఆకుల్లో మచ్చలు సరిగా కనపడవురా. అందుకే మనకి మే నెల, వాడికి ఆగస్టు."

డోబ్రివోయె తల దించుకున్నాడు.

"ముందు నావి కొట్టేస్తా," అంది రాడోయ్కా. "దాచుకున్నామని ఎవడూ అనకూడదు. తర్వాత వాడి తోటలోకి నడుద్దాం."

మర్నాడు మొదటి చెట్టుకు రంపం ఆమే పెట్టింది. కాసేపు బెరడు మీద చెయ్యి ఉంచి, తర్వాత లాగింది. రెండో పక్క రంపం పట్టుకున్నది డోబ్రివోయె.

మధ్యాహ్నానికి ఎనభై మంది నర్సరీలో ఉన్నారు. మచ్చలున్న ప్రతి తల్లిచెట్టుకూ గుడ్డపీలిక కట్టారు. పోలీసులు వచ్చేసరికి గుడ్డ చాల్లేదు.

"ఎవరి అనుమతితో వచ్చారు?"

"వాడి జబ్బు మా తోటలోకి ఎవరి అనుమతితో వచ్చింది?" అంది రాడోయ్కా. ఆమెను జీపు ఎక్కించారు.

గేటులో కుండీ మొక్కల లారీ బయల్దేరబోతోంది. జనం దాని ముందు కూర్చున్నారు.

"ఏ ఊళ్లకి బాబూ ఇవి?" మిలోయె అడిగాడు.

డ్రైవరు నర్సరీ వైపు ఓసారి చూసి, ఇంజన్ ఆపేశాడు. "ఎగువ ఊళ్లకి, తాతా."

"అయితే వాళ్లకి కబురు పెట్టండర్రా. మొక్కలు రావడం లేదు, వాళ్లనే రమ్మనండి."

పొద్దు వాలకముందే ఎగువ దారిలో ట్రాక్టర్లు దిగసాగాయి.