నికొలాసా గుండె, గుమెర్సిందా గొంతు

కొండలోయలోని పునాతా ఊళ్ళో నికొలాసా ఇంటి ముందు తెల్ల జెండా ఎగిరిందంటే కొత్త చిచా తయారైందని అర్థం. మొలకెత్తిన మొక్కజొన్నను ఎండబెట్టి, పిండి చేసి, రాగి గంగాళంలో పొద్దస్తమానం కాచి, కుండల్లో పులియబెట్టి కల్లులా అమ్మేది. ఆ లోయలో చిచా కాచే ఆడవాళ్ళు చాలామందే ఉన్నా, దూరపు ఊళ్ళ లారీలవాళ్ళు కూడా ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

పోసే పద్ధతి ఒకటుంది. ముందు కాస్త నేలతల్లికి వంచాలి. తరువాత అమ్మే మనిషి తాగాలి. ఆ తరువాతే వచ్చినవాళ్ళకు సొరబుర్ర చిప్ప అందించాలి. తాగినవాడు మళ్ళీ ఇంటావిడకు చిప్ప ఇచ్చి, తనతో పాటు తాగమంటాడు. వద్దనడం మర్యాద కాదు. నికొలాసా ముప్పై ఏళ్ళుగా ఎవరికీ వద్దనలేదు.

గంగాళంలో తెడ్డు తిప్పుతుంటే ఆయాసం వస్తోందని ఆమెకు ముందే తెలుసు. వయసు అనుకుంది. పాదాలు చెప్పుల్లో పట్టనప్పుడు ఎండ అనుకుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకు దిండ్లు చేర్చి కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాక, భర్త సెనోన్ ఇక ఊరుకోలేదు. పట్నం బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టర్ అరాందియా వయసులో చిన్నదే. నికొలాసా ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, ఎకో యంత్రం తెర ఆమె వైపు తిప్పింది.

"చిన్నప్పుడు మట్టి ఇంట్లో ఉండేవాళ్ళా?"

"మరి మేడలో ఉంటామా డాక్టరమ్మా? గోడల్లో పురుగులు మాతోనే కాపురం చేసేవి."

"ఆ పురుగు తెచ్చిన జబ్బే ఇది. ఇన్నేళ్ళూ లోపల ఉండిపోయి గుండెను తినేసింది." డాక్టర్ తెర మీద వేలు పెట్టింది. "ఈ కింది గది ఒళ్ళంతటికీ నెత్తురు తోస్తుంది. ఇది నీరసించింది. పైనున్న ఈ గది ఊపిరితిత్తుల నుంచి వచ్చే నెత్తురు పట్టుకుని కిందికి అందిస్తుంది. కింద సరిగా ఖాళీ అవకపోతే పైనున్నది ఎక్కడ పోస్తుంది? నిండి నిండి సాగిపోయింది చూడండి. ఇప్పుడు దానికీ పిండే బలం లేదు. అందుకే నీరు వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఊరుతోంది."

నికొలాసా తెర వంక చూసింది. నల్లటి సంచీ ఒకటి బద్ధకంగా కదులుతోంది. అది తనదంటే నమ్మబుద్ధి కాలేదు.

"మళ్ళీ బిగుసుకోదా?"

"మొదట్లోలా అవదు. ఇంకా సాగకుండా చూసుకుందాం. మాత్రలు మానకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. నీళ్ళు కొలిచి తాగాలి. చిచా అసలొద్దు."

"రుచి చూడాలిగదమ్మా. అదే నా పని."

"రుచి అంటే ఎంత?"

నికొలాసా రెండు చేతులతో చూపించింది.

"అది రుచి కాదమ్మా, బిందె," అంది డాక్టర్. సెనోన్ పకపకా నవ్వాడు. సువార్త సంఘంలో చేరినప్పటి నుంచీ అతను చుక్క ముట్టడు. భార్య వ్యాపారాన్ని మాత్రం ఎన్నడూ తప్పు పట్టలేదు.

తిరుగు బస్సులో నికొలాసా అతని చెయ్యి పట్టుకుంది. "ఊళ్ళో చెప్పకు. దీనికి తెడ్డు తిప్పే ఓపిక పోయిందని తెలిస్తే రేపే అందరూ పక్కవీధికి పోతారు."

పక్కవీధిలో చిచా అమ్మేది సెనోన్ అక్క గుమెర్సిందా. చనిపోయేముందు వాళ్ళమ్మ రాగి గంగాళాన్ని కూతురికి కాక కోడలికి ఇచ్చింది. అప్పటి నుంచి వదినా మరదళ్ళకు మాటల్లేవు.

నికొలాసా ఉపాయం ఒకటి పన్నింది. నేలతల్లి వాటా పెంచేసింది. చిప్ప పెదవులకు తాకించి, మిగతాదంతా నేల మీద వంచేసేది. ఇటుకబట్టీ కాసియానో రోజూ వచ్చేవాడు. అతనే మొదట పసిగట్టాడు.

"అక్కా, ఏంటీ భక్తి? నువ్వు పోసిన పోతకి నేలతల్లికి మత్తెక్కింది. మా బల్లలు ఊగుతున్నాయి చూడు."

"ఊగేది బల్ల కాదురా, నువ్వు."

అందరూ నవ్వారు, ఆ రోజుకి గడిచింది. కానీ రుచి చూడనిదే చిచా పులియడం ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం కష్టం. వాసనతోనే నెట్టుకొద్దామనుకుంది. ఒక కుండ విపరీతంగా పులుపెక్కింది. తాగినవాళ్ళు మొహాలు చిట్లించారు. కాచిన మనిషే తాగడం లేదంటే అందులో ఏదో కలుపుతోందన్న మాట పుట్టింది. చెరుకు సారా అన్నారు కొందరు, సున్నం అన్నారు ఇంకొందరు. బల్లలు ఖాళీ అవడం మొదలైంది.

కాసియానో కొత్త ఇంటికి పైకప్పు వేసిన పండగ వచ్చింది. అతను పాత స్నేహం కొద్దీ చిచా నికొలాసా దగ్గరే తీసుకున్నాడు. కుండలు దింపగానే అతని బావమరిది అందరి ముందూ చిప్ప నింపి ఆమెకు చాపాడు.

"ముందు మీరు తాగండమ్మా. నేలకొద్దు, నోట్లో పోసుకోండి. చూస్తాం."

సెనోన్ లేచి నిలబడ్డాడు. నికొలాసా కళ్ళతోనే అతన్ని కూర్చోబెట్టి, చిప్ప అందుకుని గటగటా తాగింది. ఎన్నాళ్ళకో నాలుక మీద పడిన ఆ తీపీ పులుపూ ఎంత బాగున్నాయంటే, రెండోది తనే నింపుకుంది. ఎవరో ఉప్పుజున్ను, వేయించిన పందిమాంసం పెట్టారు. అవీ తింది. సాయంత్రం దాకా ఎవరు చిప్ప ఇచ్చినా కాదనలేదు. అనుమానం తీరిపోయి జనం ఆమె భుజం తట్టారు.

మర్నాడు పొద్దున ఆమె మంచం దిగలేకపోయింది. కాళ్ళు దూలాల్లా వాచిపోయాయి. దగ్గితే గులాబీరంగు నురగ వచ్చింది. ఒక్క మాట పూర్తి చేయడానికి ఊపిరి చాలడం లేదు. సెనోన్ కాసియానో ఇంటికి పరుగెత్తాడు. ఇటుకల లారీ ముందు సీట్లో ఇద్దరి మధ్య ఆమెను కూర్చోబెట్టి పట్నం తీసుకెళ్ళారు.

ఆసుపత్రిలో ముక్కుకు ప్రాణవాయువు గొట్టం పెట్టారు. నీరు దిగే మందు నరంలోకి ఎక్కించారు. డాక్టర్ అరాందియా కోప్పడలేదు. తాగారా అని అడిగింది, తాగానంది. ఎందుకని అడిగింది. నికొలాసా చెప్పలేదు. వరండాలో సెనోన్ అంతా చెప్పేసరికి కాసియానో టోపీ తీసుకుని లారీ ఎక్కాడు. ఊరికి వెళ్ళి నేరుగా గుమెర్సిందా గడప ఎక్కాడు.

మూడోనాటికి నికొలాసా మంచం మీద కూర్చోగలిగింది. తలుపు దగ్గర లావుపాటి గాగరా, తెల్లటి పొడుగు టోపీ కనిపించాయి.

"చచ్చేదానివి చెప్పి చావొచ్చుగదే!" అంది గుమెర్సిందా లోపలికి వస్తూనే. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పారు. "ఊరంతా నువ్వు సున్నం కలుపుతున్నావంటుంటే, నేనూ వింటూ కూర్చున్నాను. బాగా అయిందనుకున్నాను కూడా. ఇప్పుడు ఆ పాపం ఎవరు మోస్తారు?"

"నువ్వే మోయి వదినా. బలంగా ఉన్నావుగా."

గుమెర్సిందా మంచం మీద కూలబడింది. మరదలి వాచిన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని వేలితో నొక్కింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది. గుమెర్సిందా కళ్ళు తుడుచుకుంది.

"రుచి చూడ్డానికి నేనొస్తాను. నీ కుండకి నా నోరు చాలదా?"

"నీ నోరు ఊరందరికీ చాలుతుంది. పులుపెక్కువంటావు, నీకు తీపే కావాలి."

"నీది ఎప్పుడూ పులుపెక్కువే. అమ్మ కూడా అనేది."

"అనలేదు."

"అంది. నీ వెనకాల అంది."

నికొలాసా నవ్వబోయి దగ్గింది. నర్సు వచ్చి గుమెర్సిందాను బయటికి పంపింది.

ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక తొలి కుండ దించిన రోజు, బల్లలు నిండేదాకా ఆగి నికొలాసా లేచింది. గుండెలో గది సాగిపోయిందనీ, ఇక చుక్క తాగకూడదనీ, ఇన్నాళ్ళూ దాచాననీ అందరికీ చెప్పింది. "చెడింది నా గుండె, కుండ కాదు. నా బదులు మా వదిన తాగుతుంది. కాచేటప్పుడు తెడ్డు సెనోన్ తిప్పుతాడు. ఇష్టమైనవాళ్ళు కూర్చోండి."

ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కూర్చున్నారు. గుమెర్సిందా నేలతల్లికి నాలుగు చుక్కలు వంచి, చిప్ప ఖాళీ చేసి, నాలుకతో పెదవులు తుడుచుకుంది.

"పులుపెక్కువ," అంది. కాసియానో బల్ల మీద చరిచి నవ్వాడు.

వ్యాపారం మునుపటంత జరగలేదు. చిచా కాచడం సగానికి తగ్గించారు. నికొలాసాకు ఉడికించిన మొక్కజొన్న ఉప్పు లేకుండా తినడం చిచా మానడం కన్నా కష్టమైంది. రోటి పచ్చడిలో మిరపకాయ రెట్టింపు చేసుకుని ఎలాగో మింగేది. నీరు దిగే మాత్రలేసుకున్న పూట ఎక్కడికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకునేది. కొన్ని నెలల తరువాత డాక్టర్ మళ్ళీ ఎకో తీసింది. గది పెరగలేదనీ, తగ్గనూ లేదనీ చెప్పింది.

"అంటే మంచిదేనా?"

"మంచిదేనమ్మా. ఈ జబ్బులో అది మంచి వార్తే."

ఆ వారం సంతకు వదినతో కలిసి నడిచే వెళ్ళింది. టోపీల దుకాణం ముందు ఆయాసం వచ్చి ఆగిపోయింది. ఎదురుగా ఉన్న టోపీ మీద కళ్ళు నిలిపి మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. దుకాణదారు ధర చెప్పాడు. ఆమె పలకలేదు. అతను తగ్గించాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. మరికాస్త తగ్గించి, "ఇంతకన్నా నావల్ల కాదు తల్లీ, పిల్లలున్నవాణ్ణి," అన్నాడు.

"బేరం బాగానే ఆడుతున్నావే," అని చెవిలో గొణిగింది గుమెర్సిందా.

"ఊపిరి తీసుకుంటున్నా," అంది నికొలాసా. "ఇంకో నిమిషం ఉండనీ."