రోడ్డు వైపు చివర

గొయ్యి రోడ్డుకి పాతిక అడుగులు ఎడంగా మొదలై పొలంలోకి పోయింది. పొడవు అరవై అడుగులు, వెడల్పు ఆరు, లోతు ఆరు. ఎందుకో లెఫ్టినెంట్ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దాడి ఎల్లుండి పొద్దున.

సార్జెంట్ ఈనాక్ హెప్‌వర్త్ డివిజన్ తవ్వకాల పటాలంలో ఉన్నాడు. యుద్ధానికి ఫ్రాన్స్‌కి రాకముందు యార్క్‌షైర్ బొగ్గు గనిలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. తమ్ముడు సెథ్‌దీ అదే గని. ఇప్పుడు సెథ్ అదే డివిజన్లో తుపాకీ పటాలంలో ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ పటాలం ఈ దారినే ముందు వరుసకి పోతుంది.

"వాళ్లు దీన్ని చూడకూడదు సార్," అన్నాడు ఈనాక్. "మా తమ్ముడున్నాడు."

"ఏదైనా కప్పు," అన్నాడు లెఫ్టినెంట్. "వాళ్లు ఇక్కడ ఆగరులే. నాలుగింటికి బయల్దేరతారు. నాలుగూ యాభైకి చర్చి దగ్గర విశ్రాంతి. ఐదుంపావుకి నీ గొయ్యి దాటిపోతారు."

ఎప్పుడు బయల్దేరినా సరే, గడియారంలో ప్రతి గంటకీ మొదటి యాభై నిమిషాలు నడక, చివరి పది నిమిషాలు విశ్రాంతి. డివిజన్లో ఎవరికైనా అదే లెక్క. ఈనాక్ గొయ్యి మీద గుడారం గుడ్డ పరిచి, దానిపైన తడికెలు వేయించాడు.

ఐదుంపావు అయింది. రోడ్డు ఖాళీ. ఐదున్నరకి సైకిల్ మీద వచ్చిన వార్తాహరుడు చెప్పాడు: మాంసం ఉడకలేదట, పటాలం ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యంగా కదిలిందట. ఈనాక్ వేళ్ల మీద లెక్క వేశాడు. ఈసారి విశ్రాంతి సరిగ్గా ఇక్కడే పడుతుంది.

ఐదూ యాభైకి పటాలం వచ్చింది, సరిగ్గా అతని ఎదుటే ఆగమని ఈల మోగింది.

మధ్యాహ్నం వాన పడింది. నేలంతా తడి.

"ఒరేయ్, తడికెలు! లాగండ్రా, కూర్చుందాం," అన్నాడో సిపాయి.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడు ఈనాక్.

"సార్జెంట్ గారి పెళ్లి మంచం కాబోలు!" అన్నారెవరో. నవ్వులు. రెండు తడికెలు లేచాయి. గుడ్డ లోపలికి జారిపోయింది. నవ్వులు ఆగాయి.

"ఏంటిది సార్జెంట్?"

"టెలిఫోన్ తీగ పాతడానికి."

సెథ్ గుంపులోంచి వచ్చి లోపలికి చూశాడు. అన్న ముఖం చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు:

"తీగేనర్రా. మా అన్న సంగతి మీకు తెలీదు. ఎలక కన్నం తవ్వమంటే గుర్రాల సాల తవ్వుతాడు."

మళ్లీ నవ్వారు. లాగిన తడికెలు నేల మీద పరిచి కూర్చుని, పొగాకు చుట్టి వెలిగించారు. సెథ్ అంచున కూర్చుని బిస్కెట్ కొరికాడు.

"గోడలు నిటారుగా తీశావన్నా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఊరుకోరా."

"నన్ను మాత్రం ఈ చివర పెట్టు, రోడ్డు వైపు. అమ్మ ఎప్పుడైనా చూడ్డానికొస్తే పొలంలో నడవలేదు. ఆమె మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా."

బయల్దేరమని ఈల మోగింది. సెథ్ మిగిలిన బిస్కెట్ అన్న చేతిలో పెట్టి, లేచి తన వరుసలో నిలబడ్డాడు.

పటాలం మలుపు తిరిగాక లెఫ్టినెంట్ వచ్చాడు.

"ఇంకో ఇరవై అడుగులు పెంచమంటున్నారు. రోడ్డు వైపు చోటుంది, అటు తవ్వించు."

"పొలం వైపు తవ్విస్తాను సార్," అన్నాడు ఈనాక్. "ఈ చివర ఇలాగే ఉండనివ్వండి."