పిచ్చయ్య బావ రక్తం

మండువేసవి పశువుల సంతలో మంచు కురుస్తోంది, ఎద్దుల వీపుల మీద తెల్లటి పొర పేరుకుంటోంది, రాటలకు కట్టినవి కాసేపు ఎద్దుల్లా, కాసేపు మూతలు బిగించిన గాజు గొట్టాల్లా కనిపిస్తున్నాయి, వాటి నడుమ తలపాగా సర్దుకుంటూ మా అక్క మొగుడు పిచ్చయ్య బావ నిలబడి ఉన్నాడు, పోయి ఏళ్ళు గడిచినా మీసంలో ఒక్క వెంట్రుకా నెరవలేదు.

"ఏరా బామ్మర్దీ, నోరు తెరువు," అంటూ ఎద్దుకు పళ్ళు చూసినట్టు నా దవడ పట్టుకుంటాడు. "ఒక్క పన్నూ లేదే! నీకు వయసు కట్టేదెట్టా?"

"కట్టొద్దులే బావా. నీకొచ్చిన జబ్బే నాకూ వచ్చింది, ప్రోస్టేట్ క్యాన్సర్. కొయ్యాలో వద్దో ఇయ్యాల తేలుద్ది. సుడులు చూసి ఏ ఎద్దు పొడుస్తదో చెప్పేవోడివిగా, నా గడ్డ సంగతి చెప్పు. పొడిచేదా, మేసి పడుకునేదా?"

బావ నా చుట్టూ తిరుగుతున్నాడు, తిరిగేకొద్దీ సంత కాస్తా ఆసుపత్రి వసారా అవుతోంది, అయినా పేడ వాసన పోవడం లేదు, నాకది వింతగానూ తోచడం లేదు.

"నాదాన్ని నేనే కనిపెట్టలేదు గదరా. ఒంటేలు ఆగితే వయసనుకుని బార్లీ నీళ్ళు తాగా. డాక్టర్లు గడ్డను చూశారుగానీ దాని గుణం వాళ్ళకీ అందలా. ఉత్తినే పోయా."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండుతుంది, ఇన్నేళ్ళుగా అతనికి చెప్పాలనుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొస్తుంది.

"ఉత్తినే పోయావా? నువ్వు ఆసుపత్రిలో ఇచ్చిన రక్తం నీ కూతురు ఝాన్సీ ల్యాబులో మంచుపెట్టెలో ఇంకా ఉంది బావా! నీలాంటోళ్ళ రక్తమూ, గడ్డ ఉండి కూడా హాయిగా తిరిగేవోళ్ళ రక్తమూ పక్కపక్కన పెట్టి, మీలోనే ఎక్కువగా ఉన్న ప్రోటీన్లేవో పట్టుకుంది. అయ్యి చూసి ఏ గడ్డ ముదురుద్దో ముందే చెబుతున్నారు. రక్తానికి సుడులన్నమాట."

"నా రక్తమేనా?"

"నీదే. మూత తీయగానే గొట్టం రంకె వేసిందంట. ల్యాబులో ఉన్నోళ్ళంతా బల్లలెక్కారంట."

"ఎయ్యదా మరి!" అని మీసం దువ్వుతాడు, అతని ఛాతీ ఉబ్బుతూ ఉబ్బుతూ వసారా గోడలను నెట్టేస్తుంది, మళ్ళీ సంత, ఎద్దులన్నీ తలలెత్తి అతన్నే చూస్తున్నాయి. "నేను గొడ్లకి సుడులు చూశా, నా బిడ్డ మనుషులకి చూస్తందా!"

"మరి నాది?"

"నన్నడుగుతావేందిరా? ఆ పిల్ల ఉండగా నేను నోరెత్తితే బాగుంటదా?" అంటూ మోచెయ్యి పట్టి నన్ను సంత గేటు బయటికి నెడతాడు.

మెలకువ వచ్చింది. నిన్న రక్తం తీసిన చోట, మోచేతి మడతలో, దూది ఇంకా అంటుకునే ఉంది. దిండు పక్కన ఫోను మోగుతోంది.

"మావయ్యా, నీది సాధుదే," అంది ఝాన్సీ. "కోత వద్దు, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారు డాక్టరుగారు."

"ఎవరు తేల్చారే?"



"నాన్న రక్తం, నాన్నలాంటివాళ్ళ రక్తం పక్కన నీది పెట్టే చూశాం మావయ్యా. నాన్నే తేల్చాడు."