మూడో బల్ల

నెరిడా పాస్కో మోకాళ్ల మీద కూర్చుని మూడో బల్ల మీది అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పింది. అద్దాలు తుడిచే మందుకు ఆమె వేళ్లకొసలు ఏనాడో బండబారాయి. కాన్‌బెర్రాలోని ఆ ప్రయోగశాలలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె పని ఇదే. పరిశోధన పత్రాల్లో ఆమె పేరు ఎప్పుడూ చివర, కృతజ్ఞతల్లో ఉంటుంది.

ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. పదిన్నరకు పై అంతస్తులో వీడ్కోలు టీ. ఆ తర్వాత మూడో బల్లను విప్పేస్తారు. అందుకు ఆమె సంతకం కావాలి. ఆ కాగితం మూడు రోజులుగా ఆమె జేబులో నలుగుతోంది.

ఒకేచోట పుట్టిన మూడు కాంతి రేణువులు మూడు గదుల్లోని మూడు బల్లలకు చేరతాయి. కొలిచిన ప్రతిసారీ ఒక్కో బల్ల ప్లస్ అనో మైనస్ అనో ఫలితం చెబుతుంది. ఎంత దూరమైనా వాటి మధ్య ఒక ముడి ఉంటుంది. ఆ ముడి ఆసరాతో మొదటి రెండు బల్లలు ఎంత కబురు పంపుకోగలవో డాక్టర్ ఫెర్గస్ ట్రాంటర్ లెక్క కట్టి, వాటి మధ్య ముడే లేదని తేల్చి, మూడో బల్ల దండగని విప్పేయమన్నాడు. కుర్రవాడికి లెక్కలు రాక కాదు, వినడం రాక.

టీకి పిలవడానికి అతనే కిందికి వచ్చాడు.

“లామింగ్టన్ కేకులు ముందు పెట్టుకుని అందరూ మీకోసమే చూస్తున్నారు. సంతకం పెట్టేసి రండి, నెరిడా.”

“కేకెక్కడికీ పోదులే. మూడో బల్ల ప్లస్ అన్నప్పటివి ఒక కుప్ప, మైనస్ అన్నప్పటివి ఒక కుప్ప. విడదీసి చూశావా?”

అతను చూడలేదు. మూడోది ఊరికే పక్కన ఉంటుందనుకుని, దాని ఫలితాలను పక్కన పడేసి అన్నిటినీ కలిపేశాడు. కలిపితే ఒక కుప్ప రెండోదాన్ని చెరిపేస్తుంది. అతను పారేసిన ఫలితాలను ఆమె రోజూ ఒక డిస్కులో దాచింది. ఇప్పుడు దాన్ని అతని చేతిలో పెట్టింది.

పావుగంటలో తెర మీద రెండు కుప్పల్లోనూ ముడి గట్టిగా కనిపించింది. ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి.

“ముందే చెప్పొచ్చుగా,” అన్నాడు.

“రెండుసార్లు చెప్పా. టెక్నీషియన్ సందేహం అని మెయిల్లో రాసి పడేశావ్. ఈ మూడోది తనకేమొచ్చిందో చెబితేగాని ఆ రెండిటికీ పొత్తు కుదరదయ్యా. దీన్ని విప్పమని నేను మాత్రం రాసివ్వను.”

ఈసారి రచయితల్లో ఆమె పేరు వేస్తానని గొణిగాడు.

“వెయ్యకపోతే చూడు,” అంది.

ఆమెకు కోపంగానే ఉంది, గర్వంగానూ ఉంది. టీకి వెళ్లలేదు. కోటు వేసుకుని పక్క తలుపులోంచి బస్సుకు వెళ్లిపోయింది.

మూడో బల్ల మీద నలిగిన ఆ కాగితం, ఎగిరిపోకుండా దాని మీద ఆమె మరలు తిప్పే అలెన్ కీ. సంతకం చోటు ఖాళీగానే ఉంది.